తెలుగు నోటితో పరాయి భాష స్పష్టంగా పలకడం ఎలా

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒక రౌండ్ వేస్తే స్పోకెన్ ఇంగ్లిష్ దగ్గర్నుంచి జర్మన్ బీ1 దాకా ఎన్ని బోర్డులో. లోపలికి వెళ్తే గ్రామర్ చెబుతారు, పదాలు బట్టీ పట్టిస్తారు, పరీక్షలో ఏ ప్రశ్న వచ్చే అవకాశం ఉందో కూడా చెబుతారు. ఉచ్చారణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా చోట్ల ఒకటే మాట: "బాగా వినండి, అదే వచ్చేస్తుంది." రాదండీ. ఏళ్ల తరబడి అమెరికాలో ఉండి సంక్రాంతికి ఇంటికొచ్చిన బాబాయిలు ఇప్పటికీ 'వోన్లీ', 'యెగ్గు' అనే అంటుంటారు, వాళ్లు ఇంగ్లిష్ వినక కాదు కదా.

ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లిష్‌వే ఇస్తాను, మనందరికీ తెలిసిన పరాయి భాష అదే కాబట్టి. మీరు నర్సింగ్ ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్నా, సరదాకి ఫ్రెంచ్ మొదలుపెట్టినా, జపనీస్ కంపెనీలో చేరబోతున్నా చేయాల్సిన పని వరస ఇదే. భాష కాస్తో కూస్తో వచ్చి ఉండాలి, రోజూ ఓ పదిహేను ఇరవై నిమిషాలు పెట్టగలగాలి. ఫీజు, పుస్తకాలు ఏమీ అక్కర్లేదు, ఫోను చాలు.

ముందు ఏం కావాలో తేల్చుకోండి

"నాకు అమెరికన్ యాక్సెంట్ రావాలి" అని మొదలుపెట్టేవాళ్లు సగంలో వదిలేస్తారు. లేదంటే 'ర' వచ్చిన ప్రతిచోటా నాలుక మెలితిప్పి మాట్లాడటం మొదలుపెడతారు, అప్పుడు ఇంట్లోవాళ్లకు నవ్వొస్తుంది, అమెరికావాళ్లకు అప్పటిదాకా అర్థమైంది కూడా అర్థం కాకుండా పోతుంది. మీకు కావలసింది ఎదుటివాళ్లు "సారీ, మళ్లీ చెప్తారా?" అని మాటిమాటికీ అడగకుండా ఉండటం. అంతే. యాస ఉన్నంత మాత్రాన అర్థం కాకుండా పోదు. కెనడాలో మన్రో, డెర్వింగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో దీన్ని పరీక్షించి చూశారు: యాస చాలా గట్టిగా ఉందని శ్రోతలు చెప్పిన వాక్యాలను సైతం అదే శ్రోతలు చాలాసార్లు ఒక్క మాట పోకుండా రాసి ఇచ్చారు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో చూసే నాలుగు అంశాల్లో ఉచ్చారణ ఒకటి, పావు వంతు దానిదే, కానీ అక్కడ కూడా మీరు లండన్‌లో పుట్టినట్టు మాట్లాడుతున్నారా అని ఎవరూ చూడరు, వినేవాళ్లకు కష్టం కాకుండా ఉందా అని చూస్తారు.

అయితే ఒకటి మాత్రం ఇప్పుడే నిర్ణయించుకోండి, బ్రిటిషా, అమెరికనా, లేక చక్కగా మాట్లాడే మన ఇండియన్ ఇంగ్లిషా అని. ఏదైనా సరే, ఒకటి. దాంట్లో మీకు వినబుద్ధయ్యే గొంతులు రెండు మూడు ఎంచుకోండి. వార్తలు చదివేవాళ్లు, పాడ్‌కాస్టుల్లో మాట్లాడేవాళ్లు బాగుంటారు. సినిమా డైలాగులు మొదట్లో వద్దు, వెనక మ్యూజిక్కు, ఏడుపులు, అరుపులు ఉంటాయి, మాట సరిగ్గా వినపడదు.

చెవిని సరిచేయండి, నోరు తర్వాత

ఇది చాలామంది దాటేసే మెట్టు, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. వినపడని తేడాను నోరు పలకలేదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని త, ట శబ్దాలు వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి, ఇంట్లో ఆ తేడాతో పనే లేదు కాబట్టి, ఎక్కువమంది పట్టలేకపోయారు. మనకు నవ్వొస్తుంది, 'తాత' అన్నా 'టాటా' అన్నా ఒకేలా వినపడటం ఏమిటని. కానీ వీ అక్షరంతో వచ్చే 'వైన్', అంటే ద్రాక్ష తీగ, డబ్ల్యూతో వచ్చే 'వైన్', అంటే తాగేది, ఈ రెండూ మన చెవికి ఒకటే. ఇంగ్లిష్‌వాళ్లకు అవి తాత, టాటా అంత దూరం.

పెద్దయ్యాక చెవి మారదా అంటే మారుతుంది. 1991లో ఇండియానా యూనివర్సిటీవాళ్లు జపనీయులకు ఇంగ్లిష్ ర, ల తేడా నేర్పారు. ఒకే గొంతుతో కాకుండా రకరకాల గొంతులతో పదాలు వినిపించడం, ఏది వినపడిందో చెప్పమనడం, తప్పో ఒప్పో వెంటనే చెప్పడం, ఇంతే చేసింది. వాళ్లు బాగుపడ్డారు. 1997లో ఇదే పద్ధతిని మళ్లీ పరీక్షించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది, పలకడం అసలు నేర్పకపోయినా వాళ్ల పలుకు కూడా మెరుగైంది.

దీన్ని మీరు ఇంట్లోనే చేయొచ్చు. ఒక్క తేడా ఉన్న పదాల జంటలు ఓ పది రాసుకోండి. కేంబ్రిడ్జ్ లేదా ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ డిక్షనరీలో ఒక్కో పదం పక్కన స్పీకర్ బొమ్మ ఉంటుంది, బ్రిటిష్, అమెరికన్ రెండూ వినొచ్చు. ఇతర భాషలకు ఫోర్వో అని ఒక సైటుంది, అక్కడ ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్లే పదాలు పలికి పెడతారు, ఒకే పదాన్ని ముగ్గురు నలుగురు పలికినవి కూడా దొరుకుతాయి, మనకు కావలసింది సరిగ్గా అదే. యూగ్లిష్ అనే సైటులో పదం కొడితే యూట్యూబ్ వీడియోల్లో దాన్ని జనం మామూలుగా మాట్లాడుతూ ఎక్కడెక్కడ వాడారో వరసగా వస్తుంది. ఇప్పుడు ఇంట్లో తమ్ముడినో రూమ్మేట్‌నో పిలిచి ఫోను వాళ్ల చేతికివ్వండి, జంటలో ఏదో ఒకటి ప్లే చేయమనండి, మీరు స్క్రీన్ చూడకుండా మొదటిదా రెండోదా చెప్పండి. తప్పయితే వెంటనే మళ్లీ రెండూ పక్కపక్కన వినండి. పదికి తొమ్మిది వరుసగా కొన్ని రోజులు సరిగ్గా వచ్చేదాకా ఆ శబ్దాన్ని పలికే ప్రయత్నం కూడా పెద్దగా చేయొద్దు. మెట్రోలో నాగోల్ నుంచి రాయదుర్గం దాకా నిలబడి వెళ్లేవాళ్లకు ఇది సరైన కాలక్షేపం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నోరు తెరవకుండా చేసే పని కాబట్టి పక్కవాళ్లు వింతగా చూడరు.

మీ గొంతు రికార్డ్ చేసి, ఒక రాత్రి పక్కన పెట్టండి

ఒక నిమిషం పాటు ఏదైనా చదివి రికార్డ్ చేయండి, ఇంకో నిమిషం ఏమీ చూడకుండా మీ ఆఫీసు గురించో మీ వీధి గురించో మాట్లాడి రికార్డ్ చేయండి. రెండూ కావాలి, ఎందుకంటే చదివేటప్పుడు అందరం జాగ్రత్తగా ఉంటాం, అసలు రంగు మామూలుగా మాట్లాడినప్పుడే బయటపడుతుంది. వెంటనే వినకండి. వెంటనే వింటే మీరు అన్నది కాకుండా అనాలనుకున్నది వినపడుతుంది. మర్నాడు వినండి, పెన్ను పట్టుకుని.

తెలుగువాళ్ల మాటల్లో వెతకాల్సినవి దాదాపు ఇవే ఉంటాయి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్సు, కారు, రోడ్డు అయ్యాయి. తెలుగులో అవి తెలుగు మాటలే, తప్పేం లేదు, కానీ ఇంగ్లిష్ వాక్యంలో కూడా 'టెస్టు', 'బుక్కు' అని చివర సన్నగా ఒక ఉకారం తోకలా వస్తుంటే వినేవాళ్లకు ఇంకో ముక్క ఏదో ఉందనిపిస్తుంది. రెండోది, మాట మొదట్లో ఎ, ఒ వస్తే మనకు తెలీకుండానే య, వ చేరతాయి: యెవ్రీ, యెండ్, వోపెన్. మూడోది ద్విత్వం. స్పెల్లింగులో రెండు అక్షరాలు కనిపిస్తే చాలు, సమ్మర్, డిన్నర్, హ్యాప్పీ అని ఒత్తి మరీ పలుకుతాం, ఇంగ్లిష్‌లో ఒకే పదం లోపల అలాంటి ఒత్తు మామూలుగా ఉండదు, అది 'సమర్', 'డినర్' లాగానే ఉంటుంది. ఇంకా వీ-డబ్ల్యూ తేడా, జెడ్ బదులు జ, 'ప, ట, క'లలో గాలి లేకపోవడం.

వీటన్నిటినీ ఒకేసారి పట్టుకోవద్దు. రికార్డింగులో ఎక్కువసార్లు వినపడిన రెండు ఎంచుకోండి, అవి లొంగాక మిగతావి.

ఇప్పుడు నోరు

అద్దం ముందు నిలబడండి. వీకి పై పళ్లు కింది పెదవిని తాకాలి, సన్నగా గుయ్యిమనే శబ్దం రావాలి, పెదవి మీద చక్కిలిగింత పుట్టాలి. డబ్ల్యూకి పళ్లతో పనే లేదు, ఈల వేయబోతున్నట్టు పెదవులు ముందుకొచ్చి గుండ్రంగా అవ్వాలి. మన 'వ' ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, అందుకే రెండింటికీ పనికిరాదు. డబ్ల్యూ రావడానికి ఒక కిటుకు: ముందు 'ఉ' అని, దాన్నుంచి జారండి. ఉ-ఎస్ట్, ఉఎస్ట్, వేగం పెంచితే అదే వచ్చేస్తుంది.

గాలి సంగతి మనవాళ్లు అసలు పట్టించుకోరు, కానీ తికమక దీంతోనే ఎక్కువ. ఇంగ్లిష్‌లో ఒత్తి పలికే ముక్క మొదట్లో పీ, టీ, కే వస్తే చిన్న గాలి దెబ్బ ఉంటుంది. మన 'ప'లో అది ఉండదు. గాలి లేని 'పిన్' వాళ్లకు 'బిన్' లాగా వినపడొచ్చు. మెడికల్ షాపు బిల్లు లాంటి పల్చటి కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని 'పిన్' అనండి. కాగితం ఎగరాలి. ఇప్పుడు 'స్పిన్' అనండి, ఎగరకూడదు, ఎస్ పక్కన వస్తే గాలి ఉండదు. మన వర్ణమాలలో ఖ, ఠ లాంటి ఒత్తక్షరాలు ఉన్నాయి కాబట్టి గాలి పెట్టడం అంటే ఏమిటో మనకు చెప్పక్కర్లేదు, అంత గట్టిగా కాకుండా అందులో సగం పెడితే చాలు.

ఇంగ్లిష్ టీ, డీ మన ట, డ కావు. మన ట కోసం నాలుక కొన పైకి మడుచుకుంటుంది. వాళ్లది పై పళ్ల వెనక ఉన్న చిన్న గట్టు దగ్గర, అంటే మనం 'ల' పలికే చోట. 'లా' అనబోతున్నట్టు నాలుక పెట్టి, అక్కడ్నుంచే టీ వదలండి. ఇది వస్తే మాట చటుక్కున తేలికపడుతుంది. రాకపోయినా కొంపలేం మునగవు, మన ట ప్రపంచమంతా అర్థమవుతుంది.

టీహెచ్ గురించి క్లాసుల్లో పెద్ద గొడవ చేస్తారు, నాలుక పళ్ల మధ్య పెట్టు, గాలి వదులు అని. పద్ధతి అదే, నిజమే. కానీ మన 'థ', 'ద'లతో 'థింక్', 'దిస్' అంటే అర్థం కానివాళ్లు తక్కువ, ఐర్లాండ్‌లో కూడా చాలామంది దాదాపు అలాగే అంటారు. నన్నడిగితే దీన్ని చిట్టచివరికి పెట్టుకోండి.

జెడ్‌కి వేలు గొంతు మీద పెట్టి 'స్స్స్' అని లాగుతూ మధ్యలో గొంతు ఆన్ చేయండి, వేలికి వణుకు తగిలితే అదే జెడ్. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఇదీ అక్కర్లేదు, 'జిందగీ', 'బాజార్' అని ఉర్దూ స్నేహితులు అనేటప్పుడు రోజూ విన్నదే.

ఊళ్లో ఉన్న శబ్దాలను వాడుకోండి

ఈ నగరంలో ఉండటం వల్ల వచ్చే లాభం మామూలుది కాదు, ఎవరూ చెప్పరు గానీ. జర్మన్‌లో 'బుఖ్', 'నాఖ్ట్' లాంటి మాటల్లో గొంతులోంచి వచ్చే ఒక గరగర శబ్దం ఉంది, దానికోసం మిగతా ఊళ్లవాళ్లు తంటాలు పడతారు. పాతబస్తీలో 'ఖబర్', 'ఖుదా హాఫిజ్' అనేవాళ్లను వినండి, అదే ఇది. పైగా మన దక్కనీలో మిగతావాళ్లు లోతైన 'క' పలికే చోట కూడా ఈ 'ఖ'నే వాడతారు, కాబట్టి ఇక్కడ అది ఇంకా ఎక్కువ వినపడుతుంది. ఫ్రెంచ్ 'ర' దీని అన్నదమ్ముడే, గొంతు కలిపి పలికితే వస్తుంది, ఉర్దూవాళ్ల 'గరీబ్', 'గజల్'లో మొదటి అక్షరానికి చాలా దగ్గర. 'హాఁ', 'నహీఁ' అనేటప్పుడు ముక్కులోకి పోయే అచ్చు ఉందే, ఫ్రెంచ్ 'బోఁజూర్'కి అదే కావాలి, 'బోన్' అని నకారం పెట్టేస్తే పోయింది.

తెలుగు ఇచ్చేవీ తక్కువ కాదు. 'చాప', 'చుక్క' అన్నప్పుడు చాలామంది నాలుకను పళ్ల దగ్గర పెట్టి 'త్స' లాగా పలుకుతారు చూడండి, జర్మన్ జెడ్ అచ్చంగా అదే. వాళ్ల అంకెల్లో పదిని 'త్సేన్' అంటారు, మన నానమ్మలు మొదటిసారికే సరిగ్గా అనేస్తారు. హ్రస్వ దీర్ఘాలు, గడి-గడ్డి లాంటి ఒత్తుల తేడాలు మనకు పుట్టుకతో వచ్చాయి. జపనీస్‌లో 'ఒబాసాన్' అంటే అత్తో పిన్నో, మధ్యలో దీర్ఘం లాగి 'ఒబాఆసాన్' అంటే నానమ్మ. ఇంగ్లిష్‌వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి, మనకు కాదు.

లేనివి తయారు చేసుకోవాలి. జర్మన్‌లో యూ మీద రెండు చుక్కలున్న అక్షరానికి 'ఈ' అని లాగుతూ, నాలుక కదపకుండా, పెదవులు మాత్రం 'ఊ'కి పెట్టినట్టు గుండ్రంగా చుట్టండి. ఓ మీద చుక్కలుంటే 'ఏ' అంటూ పెదవులు 'ఓ'కి చుట్టండి. నాలుక ఒక అచ్చుది, పెదవులు ఇంకో అచ్చువి. అద్దం లేకుండా ఇది కుదరదు, మూతి సున్నాలా లేకపోతే శబ్దం తప్పే.

అరబిక్ నేర్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: ఉర్దూ వస్తే అరబిక్ వచ్చినట్టే అనుకోకండి. అరబిక్‌లో వేర్వేరుగా పలికే మూడు అక్షరాలను ఉర్దూలో ఒకే 'స'గా పలుకుతారు. లిపి చూసి మోసపోతారు.

ఒత్తి పలకడం, లయ

ఒక్కటే చేసే ఓపిక ఉందంటే నేను ఇదే చేయమంటాను. తెలుగులో మనం ప్రతి అక్షరానికీ దాని వాటా ఇచ్చుకుంటూ పోతాం. ఇంగ్లిష్‌లో ఒక ముక్కను సాగదీసి గట్టిగా పలికి, మిగతావాటిని నమిలేస్తారు. ఆ గట్టి ముక్క తప్పుచోట పడితే శబ్దాలన్నీ సరిగ్గా ఉన్నా మాట దొరకదు. హైటెక్ సిటీలో రోజూ లెక్కలేనన్నిసార్లు వినపడే 'డెవలపర్'నే తీసుకోండి, మనం మొదటి ముక్క మీద బరువేస్తాం, వాళ్లు రెండో ముక్క మీద వేస్తారు: డి-వె-లపర్. 'హోటల్'కి బరువు చివర, 'ఈవెంట్'కీ చివరే. 'ఫోటోగ్రాఫ్'లో మొదట్లో ఉన్న బరువు 'ఫోటోగ్రాఫర్' అయ్యేసరికి రెండో ముక్కకి జరుగుతుంది, మాట కూడా 'ఫ-టా-గ్రఫర్' లాగా మారిపోతుంది. 'రికార్డ్' నామవాచకమైతే బరువు మొదట, క్రియ అయితే చివర.

డిక్షనరీలో ఈ బరువు ఎక్కడుందో చూపిస్తారు, ఆ ముక్క ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. తలకిందులైన చిన్న ఇంగ్లిష్ ఈ అక్షరం కనిపిస్తే అది నమిలేయాల్సిన అచ్చు అని అర్థం, నోరు పెద్దగా తెరవకుండా, అటు అ కాకుండా ఇటు ఎ కాకుండా పలకాలి. ఈ రెండు గుర్తులు తెలిస్తే మిగతా గుర్తులు ఇప్పుడప్పుడే నేర్చుకోకపోయినా నడుస్తుంది.

పని ఇలా చేయండి. మీరు ఉద్యోగంలో, చదువులో రోజూ వాడే మాటలు ఓ యాభై రాయండి, నిఘంటువు మొత్తం కాదు, మీవి: డెవలప్‌మెంట్, అనాలిసిస్, ప్రాసెస్, మేనేజ్‌మెంట్, రిక్వైర్‌మెంట్. ఒక్కోదానికి బరువు ఎక్కడుందో గీత పెట్టుకోండి. రోజుకు ఐదు తీసుకుని, బరువున్న ముక్క దగ్గర వేలితో బల్ల మీద కొడుతూ పలకండి. మొదట మాట లేకుండా 'మ-మా-మమ' అని లయ ఒక్కటే ఆడించి, తర్వాత అదే లయలో మాట పెట్టండి. తబలా బోలు నేర్చుకున్నవాళ్లకు ఇది చిటికెలో పట్టుబడుతుంది.

వాక్యానికీ ఇదే. అర్థం మోసే మాటలు పైకి లేస్తాయి, చిల్లర మాటలు అణిగిపోతాయి. 'కెన్' చూడండి. "నేను చేయగలను" అనడానికి వాళ్లు 'ఐ కన్ డూ ఇట్' అని 'కెన్'ని మింగేస్తారు. మనం 'ఐ క్యాన్ డూ ఇట్' అని దాన్ని ఒత్తితే, ముఖ్యంగా అమెరికన్ల చెవికి, చేయలేను అన్నట్టు వినపడే ప్రమాదం ఉంది. క్లయింట్ కాల్‌లో ఇది చిన్న విషయం కాదు.

పొడుగు వాక్యం నోట్లో చిక్కుకుపోతే చివర్నుంచి కట్టుకుంటూ రండి. ముందు ఆఖరి మాట, తర్వాత ఆఖరి రెండు, తర్వాత మూడు. మొదట్నుంచి చెబితే చివరికి వచ్చేసరికి ఊపిరి, ధ్యాస రెండూ అయిపోతాయి, చివర్నుంచి కడితే ప్రతిసారీ బాగా వచ్చిన చోటికే చేరతారు.

నీడలా వెంటబడటం

ఇంగ్లిష్‌లో దీన్ని షాడోయింగ్ అంటారు. అలెగ్జాండర్ ఆర్గ్వేయెస్ అనే బహుభాషావేత్త దీన్ని బాగా ప్రచారం చేశారు. ఆయన చెప్పేది, నిటారుగా ఉండి, బయట వేగంగా నడుస్తూ, వినపడుతున్న మాటను వెంటవెంటనే పైకి గట్టిగా అనమని. పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి, సగంమంది ఎలాగూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూనే నడుస్తుంటారు, మీరు ఎవరికీ కనపడరు. బండి నడుపుతూ మాత్రం వద్దు.

ముక్క చిన్నదిగా ఉండాలి, అర నిమిషం చాలు, దాని రాత ప్రతి కూడా దగ్గరుండాలి. మొదట ఊరికే వినండి. తర్వాత కాగితం చూస్తూ వినండి, బరువులు, ఆగిన చోట్లు గుర్తుపెట్టండి. తర్వాత పెదవులు మూసి 'ఊఁ ఊఁ' అని రాగం ఒక్కటే అనుసరించండి, గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ దిగిందన్నది. ఆ తర్వాతే మాటలతో వెంటబడండి. మాట తప్పిపోతే ఆగొద్దు, వదిలేసి తర్వాతి మాట అందుకోండి. చివర్లో మీ గొంతు రికార్డ్ చేసి అసలుదాని పక్కన పెట్టి వినండి. అదే ముక్కను వారమంతా చేయండి. రోజుకో కొత్త వీడియో చేస్తే సరదాగానే ఉంటుంది, పని జరగదు.

తెలుగు అక్షరాల్లో రాసుకోకండి

నేనిక్కడ రాస్తున్నాను, వేరే దారి లేక. మీరు మాత్రం నోటుబుక్కులో జర్మన్ మాటల పక్కన తెలుగులో పలుకు రాసుకునే అలవాటు మానేయండి. తెలుగులో రాసిన క్షణమే అది తెలుగు శబ్దమైపోతుంది, తర్వాత ఎన్నిసార్లు చదివినా తప్పే గట్టిపడుతుంది. అంతర్జాతీయ ధ్వని లిపి ఉన్నది ఇందుకే, దాన్ని తయారు చేసిన సంఘం 1886లో పారిస్‌లో మొదలైంది, మంచి నిఘంటువులు చాలావరకు ఆ లిపినే వాడతాయి. మొత్తం నేర్చుకోవద్దు, మీకు కష్టమైన శబ్దాల గుర్తులు ఓ ఏడెనిమిది నేర్చుకుంటే చాలు.

ఎవరు సరిదిద్దుతారు?

ఫోన్లో కీబోర్డు భాష మార్చి, మైక్ నొక్కి మాట్లాడండి, ఏం రాస్తుందో చూడండి. పూర్తి వాక్యం చెబితే అది ముందూ వెనకా చూసి ఊహించి సరిగ్గా రాసేస్తుంది, మీరు గొప్పగా పలికారనుకుంటారు. అందుకని విడి మాటలు చెప్పండి, ముఖ్యంగా ఆ జంట పదాలు. పది సార్లలో ఎనిమిది సార్లు సరైన మాట పడితే బాగున్నట్టే.

మెషిన్ అంతవరకే, తర్వాత మనిషి కావాలి. జర్మన్‌కి మన ఊళ్లో గోథె-జెంట్రుమ్ ఉంది, ఫ్రెంచ్‌కి అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. తార్నాకలో ఉన్న ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు, 1958లో మొదలైంది, పరాయి భాషలు, ధ్వనిశాస్త్రం చదివే విద్యార్థులు అక్కడ బోలెడుమంది. టీచర్ని "నా ఉచ్చారణ ఎలా ఉంది?" అని అడగకండి, బాగుందమ్మా అనే అంటారు, మొహమాటం. "ఈ రెండు నిమిషాల్లో వీ, డబ్ల్యూ ఒక్కటే వినండి, తప్పిన ప్రతిసారీ వేలెత్తండి" అని అడగండి. అప్పుడు పని జరుగుతుంది.

అసలు మాటల్లోకి తేవడం

ఇంట్లో బాగా వచ్చింది ఇంటర్వ్యూలో రాదు. టెన్షన్‌లో నోరు పాత దారే పట్టుకుంటుంది. దీనికి మందు, ముందుగా కొన్ని వాక్యాలను పూర్తిగా బాగుచేసి పెట్టుకోవడం: మీ పేరు, మీ ఊరు, ఏం చదివారు, ఏం పని చేస్తారు, మీ ప్రాజెక్టు ఏమిటి. నానక్‌రామ్‌గూడలో వీసా కౌంటర్ ముందు నిలబడినా, జూమ్ కాల్‌లో ఉన్నా మొదట నోట్లోంచి వచ్చేవి ఇవే. ఇవి స్పష్టంగా ఉంటే ఎదుటివాళ్ల చెవి మీ గొంతుకు అలవాటు పడుతుంది, తర్వాత చిన్న చిన్న తప్పులు దొర్లినా సర్దుకుపోతారు. మీ పేరును మాత్రం వాళ్లకోసం వంకర్లు తిప్పకండి, మామూలుగానే అనండి, కాకపోతే నిదానంగా, ముక్క ముక్కకూ సందు ఇస్తూ. వేగం ఎక్కడైనా తగ్గించాల్సింది మాటల మధ్య ఆగి, మాటల లోపల సాగదీసి కాదు.

ఇంకొకటి, అక్షరాలు. ఫోన్లో ఈమెయిల్ చెప్పేటప్పుడు, పేరు స్పెల్లింగు చెప్పేటప్పుడు మనం యమ్, యన్, యస్, యల్ అంటాం, అలవాటైపోయింది. వాటిని య లేకుండా ఎమ్, ఎన్, ఎస్, ఎల్ అనడం ఈ వారమే మొదలుపెట్టండి, ఐదు నిమిషాల పని. బీ, డీ, పీ, టీ, వీ ఫోన్లో ఎవరికైనా ఒకేలా వినపడతాయి, కాబట్టి వాటికి బ్రావో, డెల్టా, పాపా, ట్యాంగో, విక్టర్ అని పైలట్లు వాడే మాటలు చెప్పండి. మీ పేరుకీ ఇంటిపేరుకీ అవి ఏమేం అవుతాయో ఒక చీటీ మీద రాసి ఫోను కవర్ వెనక పెట్టుకోండి.